రోజుకో మెట్టు, మెట్టుకో అట్టు

ఏమర్రా, నిద్రపోయారా, పోయినట్టు నటిస్తున్నారా? జరగండి, కాస్త చోటివ్వండి. అబ్బబ్బ, నా మోకాళ్ళు! ఒరేయ్ బాబ్జీ, ఆ దిండు ఇలా తొయ్యి, కాళ్ళ కింద పెట్టుకుంటాను. ఏమిటే వాసంతీ, గోడ మీద ఆ కాగితం? రంగురంగులుగా ఉంది, పెళ్ళిపత్రికేమో అనుకున్నాను. చదువు, విందాం. నాలుగింటికి లేవడం, నాలుగుంపావుకి ధ్యానం, నాలుగున్నరకి పరుగు, అయిదింటికి ఇరవయ్యో ఎక్కందాకా, ఆరింటికి ఇంగ్లీషు... ఓహోహో! ఎప్పట్నుంచి తల్లీ? రేపట్నుంచా? రేపట్నుంచే! మరి ఉగాదికి రాసిన కాగితం ఏదీ? దాని మీదే అతికించావా? మంచిదే. ఇలా నాలుగేళ్ళు అతికించావంటే మీ నాన్న గోడకి సున్నం వెయ్యక్కర్లేదు.

నవ్వకురా బాబ్జీ, నీ సంగతీ తెలుసు నాకు. కొన్న మూడోనాటినుంచీ నీ స్కిప్పింగు తాడు మీద మీ అమ్మ తువ్వాళ్ళు ఆరేసుకుంటోంది. సరే, మీలాంటి మహానుభావుడి కథే చెప్తాను. ఊ కొట్టాలి మరి. ఊ కొట్టడం కూడా రేపట్నుంచి అంటే ఊరుకోను.

అనగనగా ఒక ఊరు. దాని పేరు గుట్టమెరక. ఊరన్నాక రాజుండాలి గదా, ఉన్నాడు. రాజుగారి బిరుదులన్నీ చదివితే తెల్లారుతుంది గానీ, ఇంట్లోవాళ్ళు పిలిచే పేరు బుల్లిరాజు. పేరే బుల్లి. మనిషిని మొయ్యడానికి మాత్రం ఎనిమిదిమంది బోయీలు చాలక పన్నెండుమందిని పెట్టారు. ఆ పన్నెండుమందీ కూడా పల్లకీ దింపాక ఒక గడియసేపు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు.

ఈ బుల్లిరాజుకి ఒక గొప్ప గుణం ఉంది. ఏ పనైనా మొదలుపెట్టడంలో ఆయన్ని మించినవాడు పద్నాలుగు లోకాల్లో లేడు. కత్తిసాము మొదలెట్టాడు. తోరణాలు కట్టారు, డప్పులు కొట్టారు, దిష్టి తీశారు, మూడోనాటికి కత్తికి తుప్పు. వీణ మొదలెట్టాడు. తోరణాలు కట్టారు, డప్పులు కొట్టారు, దిష్టి తీశారు, మూడోనాటికి వీణ మీద అప్పడాలు ఆరేశారు. ఉపవాసం మొదలెట్టాడు. తోరణాలు కట్టారు, డప్పులు కొట్టారు, దిష్టి తీశారు... మూడోనాటిదాకా ఎందుకు, మూడో గడియకే లడ్డూలు తెమ్మన్నాడు.

మాటలు కోటలు దాటతాయి, కాలు గడప దాటదు అంటారే, అదన్నమాట. ఈ మొదలుపెట్టడాలు ఎక్కువైపోయి, వాటికోసం ప్రత్యేకంగా ఒక మంత్రినే పెట్టుకున్నాడు. ఆయన్ని శ్రీకారాల మంత్రి అనేవారు. ముహూర్తం చూడ్డం, పందిరి వేయించడం, డప్పులవాళ్ళని పిలవడం, ఇదీ ఆయన ఉద్యోగం. ఊపిరి సలిపేది కాదు పాపం. మరి ముగింపుల మంత్రి లేడా అంటావేమో. ఆ రాజ్యంలో ఆ ఉద్యోగానికి పనెక్కడుందే?

ఊ కొడుతున్నారా? ఊ.

ఈ రాజుగారికి ఒక్కడే కొడుకు, రంగబాబు. మంచివాడు. మంచివాడని ఎందుకన్నానంటే అంతకుమించి చెప్పడానికేమీ లేదు కాబట్టి. అతను చేసిన తెలివైన పని ఒక్కటే, ఊళ్ళో పెరుగు అమ్ముకునే చంద్రమ్మ కూతురు వరహాలుని ఇష్టపడి పెళ్ళిచేసుకోవడం. పెరుగమ్మి కూతురు రాణివాసానికా అని బంధువులంతా ముక్కు మీద వేలేసుకున్నారు. రాజుగారు మాత్రం ఒక్క పూటలో ఒప్పేసుకున్నాడు. విశాల హృదయం అనుకునేరు. చంద్రమ్మ పెరుగు గడ్డపెరుగు, కత్తితో కోయాలి. వియ్యంకురాలయ్యాక పెరుగు ఎక్కడికి పోతుందీ?

వరహాలు పొట్టిగా, చామనచాయగా, చీపురుపుల్లలా ఉండేది. నోట్లోంచి మాట తక్కువ. కళ్ళు మాత్రం అన్నీ చూసేవి. వచ్చిన వారానికే వంటిల్లు చేతిలోకి తీసుకుంది. ఆ ఇంటి ఆచారం ఏమిటంటే రాజు పొద్దున్నే తినే మొదటి పలహారం కోడలే చేసి పెట్టాలి, ఇంకెవరు పెట్టినా ముట్టకూడదు. బుల్లిరాజు ఆచారాలన్నిట్లోకీ తిండి ఆచారాన్ని మాత్రం చచ్చేటంత నిష్ఠగా పాటించేవాడు.

ఇంకో ఆచారం ఉంది ఆ రాజ్యానికి. దాంతోనే వచ్చింది తంటా అంతా.

కోట వంటింటి వెనక గుమ్మం తెరిస్తే కొండ. కొండ మీద గట్టమ్మ తల్లి. అక్కడికి మూడొందల మెట్లు. ఎప్పుడో కరువొచ్చినప్పుడు ఆ వంశంలో ఒక రాణి కొండ కింది బావిలో నీళ్ళు తోడి, ఇత్తడి బిందె నెత్తిన పెట్టుకుని, మూడొందల మెట్లూ ఎక్కి అమ్మ తల మీద పోసిందిట. వానలు పడ్డాయిట. అప్పట్నుంచీ పన్నెండేళ్ళకోసారి ఆ గద్దె మీద ఎవరుంటే వాళ్ళు అదే బిందె నెత్తిన పెట్టుకుని ఎక్కాలి. మధ్యలో దింపకూడదు. ఇంకొకళ్ళు చెయ్యి వెయ్యకూడదు. బిందె దింపితే గద్దె దిగినట్టే. దింపినవాడి కొడుక్కీ హక్కు పోతుంది, దాయాదుల్లో తర్వాత వరసలో ఉన్నవాడికి పట్టం.

బుల్లిరాజు తండ్రి ఎక్కాడు, తాత ఎక్కాడు. ఇప్పుడు బుల్లిరాజు వంతు. సరిగ్గా ఏడాది గడువు.

తర్వాత వరసలో ఎవడయ్యా అంటే రాజుగారి పినతండ్రి కొడుకు, ఉద్దండరాయుడు. మీసాలు రెండుపక్కలా రెండు తేళ్ళలా ఉండేవి. వాడు దాచుకోలేదు, పండగ భోజనాల్లో పదిమంది మధ్యా చెప్పాడు. తను గద్దెక్కిన పూటే చేసే మొదటి పని ఆ పెరుగమ్మి కూతుర్ని కుండతో సహా పుట్టింటికి తోలెయ్యడమేనట, రంగబాబుకి ఒక సరైన రాచపిల్లని తెచ్చి కట్టబెడతాడట. రంగబాబు ఏమన్నాడంటావా? అప్పడం నములుతున్నాడు, వినపడలేదు. వరహాలుకి వినపడింది. నెయ్యిగిన్నె అక్కడే దింపేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. రాజ్యం పోతే పోయింది, ఆ పిల్లకి దాంతో పనేమిటి? మొగుడు పోతాడు. అప్పడం నమిలేవాడైనా ఆమెకి వాడంటే ప్రాణం మరి.

ఇక రాజుగారి సన్నాహం చూడండి. శ్రీకారాల మంత్రి సాధనకి ముహూర్తం పెట్టాడు. తోరణాలు కట్టారు, డప్పులు కొట్టారు, దిష్టి తీశారు. మొదటిరోజే నిండు బిందె నెత్తిన పెట్టుకుని మూడొందల మెట్లూ ఒక్క ఊపున ఎక్కేస్తానన్నాడు రాజు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు! ఏడు మెట్లెక్కాడు. ఎనిమిదో మెట్టు మీద బిందె ఒకవైపు, రాజు ఒకవైపు. నీళ్ళన్నీ పురోహితుడి మీద. లేచి దులుపుకుని, తప్పు తనది కాదనీ, ముహూర్తంలో దోషం ఉందనీ చెప్పాడు.

ఇంకో ముహూర్తం కావాలి గదా? ఆషాఢం వచ్చింది, పనికిరాదన్నారు. తర్వాత మూఢం వచ్చింది, అసలే పనికిరాదన్నారు. మూఢం పోయింది, ఆరోజు వర్జ్యం అన్నారు. అలా ముహూర్తం కోసం చూస్తూ, లడ్డూలు తింటూ, పందిరి గుంజలు పాతుతూ పీకుతూ రెండు నెలలు హుష్‌కాకి! మిగిలినవి పది నెలలు. ఉద్దండరాయుడు పట్టాభిషేకానికి చెప్పులు కుట్టించుకోవడం మొదలుపెట్టాడు.

వరహాలు వంటింట్లో కూర్చుని ఆలోచించింది. చిన్నప్పుడు వాళ్ళమ్మ చంద్రమ్మ ఆమెకి నెత్తిన కుండ పెట్టుకోవడం ఎలా నేర్పిందీ గుర్తుచేసుకుంది. ముందు కుండ కింద పెట్టుకునే చుట్టకుదురు ఒక్కటే నెత్తిన పెట్టి పెరట్లోకి వెళ్ళి కరివేపాకు తెమ్మనేది. కొన్నాళ్ళయ్యాక దాని మీద ఒట్టి ముంత. ఇంకొన్నాళ్ళకి ముంతలో మజ్జిగ. అలా అలా ఏడాది తిరిగేసరికి పిల్ల పెరుగుకుండ నెత్తిన పెట్టుకుని, చేతులు వదిలేసి, చెరుకుగడ నవుల్తూ నాలుగూళ్ళు తిరిగొచ్చేది. ఎప్పుడు నేర్చుకుందో ఆమెకే తెలీదు. నెత్తికి నేర్పాలంటే నెత్తికి తెలీకుండా నేర్పాలే అనేది చంద్రమ్మ.

వింటున్నావా వాసంతీ? ఆ కాగితం వైపు చూడకు, ఇటు చూడు.

మర్నాడు పొద్దున్న బుల్లిరాజు వంటింట్లోకి వచ్చి, రోజూ తినే అట్టు కోసం పీటేసుకుని కూర్చున్నాడు. అట్టు లేదు. ఆయన గుండె జారిపోయింది. ఏనుగులు తప్పిపోయినా అంత కంగారుపడలేదు. వరహాలు వినయంగా, లోపల పొయ్యి పొగ మావగారూ, కళ్ళు మండుతాయి, వెనక గుమ్మం బయట మొదటి మెట్టు మీద పెట్టాను, గాలి బాగా వేస్తోందని చెప్పింది. రాజు వెళ్ళాడు. మెట్టు మీద పెసరట్టు. నేతిలో కాలి, అంచులు కరకరలాడుతూ, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు చల్లి... బాబ్జీ, నోరు మూసుకోరా, దోమలు దూరతాయి. కూర్చుని తిన్నాడు. మెట్టెక్కినట్టే తెలీలేదు.

రెండోనాడు వచ్చాడు. మొదటి మెట్టు మీద అట్టు లేదు. నిన్నటి మెట్టుకి చీమలు పట్టాయి మావగారూ, ఇంకో మెట్టు పైన పెట్టాను, ఒక్క మెట్టేగా అంది. ఒక్క మెట్టేగా అనుకున్నాడు రాజు. మూడోనాడు మూడో మెట్టు. చీమలు. నాలుగోనాడు నాలుగో మెట్టు. మళ్ళీ చీమలు. ఆ రాజ్యంలో చీమలకి ఉన్నంత క్రమశిక్షణ రాజుకి లేదు, ఏం చేస్తాం!

ముహూర్తం అడిగాడా? అడగలేదు. అట్టు తినడానికి ముహూర్తమేమిటి? డప్పులు కొట్టించాడా? లేదు. డప్పులు కొడితే నలుగురూ వస్తారు, వస్తే అట్టు పంచాలి. అలా రోజుకో మెట్టు, మెట్టుకో అట్టు.

మరి బిందె సంగతి? అదీ చూసింది వరహాలు. పదిహేనోనాడు ఒక చేతికి అల్లప్పచ్చడి గిన్నె, ఇంకో చేతికి ఉప్మా గిన్నె ఇచ్చింది. ఉప్మా లేకుండా పెసరట్టు తింటే మహాపాపం గదా! మరి మంచినీళ్ళ చెంబు ఎక్కడ పెట్టుకుంటాడు? రెండు చేతులూ నిండిపోయాయి. నెత్తి ఖాళీ. ఆ నెత్తి పుట్టినప్పట్నుంచీ ఖాళీయే అనుకోండి, అది వేరే విషయం. చుట్టకుదురు పెట్టి చెంబు దాని మీద నిలబెట్టింది. మొదట్లో సగం నీళ్ళు ఉప్మాలో పడ్డాయి. పదిరోజుల్లో పావు. నెల తిరిగేసరికి చుక్క తొణకలేదు.

ఆ తర్వాత అల్లప్పచ్చడిలో నెలకో మిరపకాయ ఎక్కువ వెయ్యడం మొదలుపెట్టింది. మిరపకాయ ఎక్కువైతే మంట, మంట ఎక్కువైతే దాహం, దాహం ఎక్కువైతే నీళ్ళు, నీళ్ళు ఎక్కువైతే పెద్ద చెంబు! చెంబు పోయి ముంత వచ్చింది, ముంత పోయి కుండ వచ్చింది. రాజుగారు కళ్ళమ్మట నీళ్ళు కారుస్తూ, ఈ పచ్చడి అమోఘం అమ్మాయ్, రేపు ఇంకాస్త పెద్ద కుండ ఇవ్వు అనేవాడు.

ఎప్పటికి తెలిసిందంటే యాభయ్యో మెట్టు దగ్గర. అట్టు నములుతూ కిందికి చూస్తే తన కోట పెంకులు కనిపించాయి. తన గది కప్పు మీద కోతి కూర్చుని ఉంది. ఇదేమిటీ, నేను కొండెక్కుతున్నానా అని అదిరిపడ్డాడు. కిందికొచ్చి కోడల్ని నిలదీశాడు, నన్ను మోసం చేసి కొండెక్కిస్తావా అని. వరహాలు పొయ్యి ఊదుకుంటూ, మీరు కొండెక్కడానికి ఎప్పుడెళ్ళారు మావగారూ, అట్టు తినడానికి గదా వెళ్ళింది అంది. రాజు ఆలోచించాడు. నిజమే అనిపించింది. ఆనందంతో ఉబ్బిపోయాడు. అసలే ఉబ్బి ఉన్నాడు, ఇంకా ఉబ్బాడు.

ఇక్కడే చెడింది. ఉబ్బినవాడు ఊరుకుంటాడా? శ్రీకారాల మంత్రికి చెప్పేశాడు. ఆయన పాపం నెలల తరబడి పనిలేక గోళ్ళు గిల్లుకుంటున్నాడు. విన్నాడు, విజృంభించాడు. వందో మెట్టు ఎక్కేరోజున శతసోపాన మహోత్సవం అన్నాడు. తోరణాలు కట్టారు, డప్పులు కొట్టారు, దిష్టి తీశారు. వద్దు మావగారూ, ఇంకా రెండొందలున్నాయి, ఇప్పుడే ఉత్సవమేమిటని కోడలు చెప్పింది. ఎవరు వింటారు? డప్పుల మోతకి రాజుకి పూనకం వచ్చేసింది. వందేమిటి, ఇవాళ రెండొందలెక్కేస్తా చూడండంటూ అట్టు కూడా తినకుండా పరుగెత్తాడు. నూటపదకొండో మెట్టు మీద కాలు మెలికపడి కూలబడ్డాడు. చీలమండ గుమ్మడికాయంత వాచింది. పన్నెండుమంది బోయీలూ మోసుకుంటూ కిందికి తెచ్చారు. జనం అక్షింతలు వెయ్యడానికి తెచ్చుకున్న పసుపే కాలికి పట్టువేశారు.

ఇక మంచం మీద పడుకుని రాజు పాత పాట అందుకున్నాడు. కాలు తగ్గాక, మంచి ముహూర్తం చూసుకుని, మళ్ళీ మొదట్నుంచి మొదలెడతానన్నాడు. ఆ మాట విన్నాక వరహాలు వంటింట్లో మూలకెళ్ళి ఏడ్చింది. అంతకుముందు ఏడవలేదు, అప్పుడు ఏడ్చింది. కాలు విరిగినా అతుకుతుంది, ముహూర్తం కోసం కూర్చున్నవాడు మళ్ళీ లేవడని ఆమెకి తెలుసు. రంగబాబు వచ్చి పక్కన కూర్చుని, ఏడవకు, నిన్ను పంపించేస్తే నేనూ వచ్చి మీ అమ్మ పెరుగుకుండ మోస్తానన్నాడు. ఆ మాటకి ఆమెకి ఏడుపులో నవ్వొచ్చింది. నిజంగా మోస్తాడు వెర్రివాడు, పెరుగు మాత్రం ఇల్లు చేరదు.

మర్నాడు ఏం చేసిందో తెలుసా? కుంటుతూనైనా సరే, మొదటి మెట్టు దగ్గరికి రమ్మంది. ఎక్కొద్దు మావగారూ, ఎక్కమని ఎవరన్నారు, వచ్చి కూర్చోండి చాలు అంది. రాజు కర్ర పట్టుకుని మూలుగుతూ వచ్చి మొదటి మెట్టు మీద కూర్చున్నాడు. నెత్తిన కుండ పెట్టింది, చేతికి అట్టిచ్చింది. రెండోనాడూ అంతే, మూడోనాడూ అంతే. ఎక్కేది లేకపోయినా వచ్చేది మాత్రం తప్పనివ్వలేదు. పదిరోజులకి వాపు దిగింది. పదకొండోనాడు కాళ్ళు పాత దారే పట్టాయి, రోజూ ఇంతింత పెంచుకుంటూ మళ్ళీ వందో మెట్టుకి చేరుకున్నాయి, ఆ మర్నాడు నూటొకటి. మళ్ళీ రోజుకో మెట్టు, మెట్టుకో అట్టు.

ఏమన్నావు బాబ్జీ? అయితే ఎన్నిరోజులు పోయాయంటావా? నీకు లెక్కలొచ్చురా, చదవడమే రాదు. అంతా కలిపి పదిహేను రోజులు పోయాయి. అంటే గడువు రోజు వచ్చేసరికి రాజుకి అలవాటైనవి రెండొందల ఎనభై అయిదు మెట్లు. పదిహేను మెట్లు ఆయన జన్మలో ఎక్కలేదు.

అది చాలదన్నట్టు ఉద్దండరాయుడు ఇంకో పుల్ల పెట్టాడు. పెద్దల్ని కూడగట్టి, మెట్ల మీద అట్టు పెట్టడం సాయం చేసినట్టే, ఆచారం తప్పినట్టే అన్నాడు. పెద్దలు గడ్డాలు నిమురుకున్నారు. గడ్డం నిమిరితే ఆలోచించినట్టే అని వాళ్ళ ఉద్దేశం. ఆరోజు మెట్ల మీద అట్టుండకూడదు, కోడలు కొండ మీద కాలు పెట్టకూడదు, వంటింట్లోంచి కదలకూడదని తీర్పు చెప్పేశారు.

ఊ! ఊ ఏదర్రా? ఇక్కడ కొట్టాలి ఊ.

ఆరోజు వచ్చింది. ఊరంతా వచ్చింది. ఉద్దండరాయుడు కొత్త చెప్పులేసుకుని, పట్టాభిషేకానికి బూందీ వండించి, గంగాళాల్లో పోయించి మరీ వచ్చాడు. బుల్లిరాజు బావిలో నీళ్ళు తోడుకున్నాడు. ఇత్తడి బిందె నెత్తికెత్తుకున్నాడు. మొదటి మెట్టు ఎక్కాడు. అలవాటుగా కిందికి చూశాడు. అట్టు లేదు. రెండో మెట్టూ ఖాళీయే. గుమ్మంలో నిలబడ్డ వరహాలు అది చూసింది. ఈయన ఎక్కింది అట్టుకోసమే గదా, అట్టే లేకపోతే ఆగిపోతాడేమో, వెనక్కి తిరిగి మధ్యాహ్నం భోజనానికేం చేశావని అడుగుతాడేమో అనుకుంది. అడగలేదు. కాళ్ళు ఆగలేదు. పది మెట్లు, యాభై మెట్లు, కోతి కనిపించిన చోటు, కాలు మెలికపడ్డ చోటు. రెండొందలో మెట్టు దగ్గర కొండ మలుపు తిరుగుతుంది. అక్కడ రాజు కనుమరుగైపోయాడు.

ఇక వరహాలుకి కనిపించేది ఒక్కటే. మెట్ల పక్కన రాతిలో చెక్కిన సన్నకాలువ ఉంది. పైన అమ్మ తల మీద నీళ్ళు పోస్తే ఆ కాలువ వెంట దిగి, వంటింటి గుమ్మం ముందున్న రాతి తొట్టిలో పడతాయి. ఒక్క బిందె నీళ్ళు మూడొందల మెట్లు ఎలా దిగుతాయే అని అడక్కు. అమ్మవారు దింపుతుంది. నమ్మకపోతే అటు తిరిగి పడుకో.

కాలువ ఎండిపోయి ఉంది. వరహాలు గుమ్మం పట్టుకుని నిలబడింది. ఎండెక్కింది. ఉద్దండరాయుడు మీసం ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పాడు. వరహాలు మనసులోనే తన బట్టలు మూటకట్టుకుంది. నాలుగు చీరలు, వాళ్ళమ్మ ఇచ్చిన చుట్టకుదురు. మొగుడి వైపు చూసింది. రంగబాబు ఈసారి ఏమీ నమలడం లేదు, చేతులు జోడించి కొండవైపు చూస్తున్నాడు. అది చూసి ఆ పిల్లకి ఇంకా దుఃఖం వచ్చింది.

అప్పుడు కాలువలో ఒక చీమ పరుగెత్తుకుంటూ వచ్చింది. దాని వెనక తడి. తడి వెనక ఒక సన్నటి ధార. ధార వచ్చి తొట్టిలో పడింది, టప్‌మని. వరహాలు అక్కడే కూలబడి, ఆ నీళ్ళు కళ్ళకద్దుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఈసారి ఏడుపు వేరు.

పైన ఏం జరిగిందో తర్వాత రాజే చెప్పుకున్నాడు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ నూటపదహారు సార్లు. రెండొందల ఎనభై అయిదో మెట్టు దాకా కాళ్ళు వాటంతటవే వెళ్ళిపోయాయిట. అక్కడ ఆగిపోయాయిట. పైన పదిహేను మెట్లు కొత్తవి, నిటారుగా ఉన్నాయి, మెడ నొప్పి, కళ్ళల్లో చెమట. ఇక నావల్ల కాదు, దింపేస్తాననుకున్నాడట. అప్పుడు అలవాటుగా చెవిలో కోడలి మాట వినిపించిందిట, ఒక్క మెట్టేగా మావగారూ అని. ఒక్క మెట్టేగా అని ఎక్కాడట. మళ్ళీ ఆగాడు. ఒక్క మెట్టేగా! మళ్ళీ ఎక్కాడు. అలా పదిహేనుసార్లు ఒక్క మెట్టే ఎక్కి, అమ్మ తల మీద నీళ్ళు పోసి, పసిపిల్లాడిలా ఏడ్చాడట. ఈ ఏడ్చిన ముక్క మాత్రం మొదటిసారే చెప్పాడు, మిగతా నూటపదిహేనుసార్లూ మింగేశాడు.

ఊరంతా ఉద్దండరాయుడి బూందీయే తిని పండగ చేసుకుంది. పారేస్తారేమిటి, తిండి పదార్థం! కొత్త చెప్పులు కరిచి కాళ్ళు బొబ్బలెక్కి, ఆయన కుంటుకుంటూ ఇంటికెళ్ళాడు. పన్నెండేళ్ళ తర్వాత తానూ సిద్ధంగా ఉంటానన్నాడట. ఎప్పుడు మొదలెడతారని అడిగితే మూఢం వెళ్ళగానే అన్నాడట.

కథ అయిపోలేదు, పడుకోకండి. అసలు ముక్క ఇప్పుడుంది.

మర్నాడు వరహాలు పెసలు నానబొయ్యలేదు. ఎందుకు పొయ్యాలి? పన్నెండేళ్ళదాకా పనిలేదు. మావగారు ఇక మిట్టమధ్యాహ్నందాకా గుర్రుపెడతారు, కుక్కతోక ఎప్పుడైనా వంకరే గదా అనుకుంది. తెలతెలవారుతుంటే కళ్ళాపి చల్లడానికి వెనక గుమ్మం తీసింది. తీసి అలాగే నిలబడిపోయింది. పందిరి లేదు, డప్పుల్లేవు, చూసేవాళ్ళు లేరు, మెట్టు మీద అట్టు అసలే లేదు. బుల్లిరాజు ఒక్కడే నెత్తిన కుండ పెట్టుకుని, చేతులు వదిలేసి, తనలో తను ఏదో కూనిరాగం తీసుకుంటూ మెట్లెక్కుతున్నాడు. అలికిడికి వెనక్కి తిరిగి, ముందు వెళ్ళొస్తానమ్మాయ్, అట్టు సంగతి తర్వాత చూద్దాం అన్నాడు.

శ్రీకారాల మంత్రి ఎక్కడ్నించి పసిగట్టాడో, ఒంటి డప్పు మెడలో వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. రాజు పెదవుల మీద వేలు పెట్టి పొమ్మన్నాడు. వరహాలు కొంగుతో కళ్ళు తుడుచుకుని, పెసలు నానబొయ్యడానికి లోపలికి పరుగెత్తింది. ఆ పూట అట్టు ఆలస్యమైంది. రాజు పీటేసుకుని కూర్చుని, అది కాలేదాకా కూనిరాగం తీశాడు.

అలా రాజు రాజ్యమూ నిలిచింది, కోడలి కాపురమూ నిలిచింది. బోయీలు పన్నెండుమంది మళ్ళీ ఎనిమిదిమంది అయ్యారు. మిగిలిన నలుగురూ చంద్రమ్మ దగ్గర పెరుగుకుండలు మోశారు, పల్లకీ కంటే అదే తేలికని చెప్పుకున్నారు.

కాబట్టి వాసంతీ, గోడ మీద కాగితం అలాగే ఉండనీ, బాగుంది రంగులు. రేపు నాలుగింటికి లేవొద్దు, పరుగులొద్దు, ధ్యానాలొద్దు. లేవగానే నీ దుప్పటి నువ్వు మడతపెట్టు. అంతే. ఎల్లుండీ అంతే. ఒకరోజు మర్చిపోతే పోనీ, రెండోరోజు మాత్రం మర్చిపోకు. ఆ తర్వాత సంగతి చీమలు చూసుకుంటాయి.

ఏమిటే, ఏమంటున్నావు? డాక్టరు నాకు రోజూ పదిసార్లు మోకాళ్ళు వంచమన్నాడా? అన్నాడు. ఎన్నాళ్ళయిందంటే... నీకెందుకే ఆ లెక్క? కార్తీకం నుంచి మొదలెడదామనుకున్నాను. ఆ తర్వాత... నవ్వకండర్రా, ముసలిదాన్ని చేసి నవ్వుతారా! సరే, సరే. ఇదిగో, దిండు తీస్తున్నాను. ఒక్కసారి. అబ్బ... అమ్మా... అయిపోయింది. పదీ అని అడక్కండి, ఇవాళ్టికి ఒక్కటే.

ఇక కథ కంచికి పోతోంది, మెల్లగా, ఒక్కో మెట్టూ దిగి. మీరు దుప్పట్లోకి దూరండి. వాసంతీ, రేపు ఆ దుప్పటి మడతపెట్టేటప్పుడు నన్ను లేపు. నా రెండో మోకాలు ఇంకా మిగిలే ఉంది.